స్నో బ్లోవర్‌కి బొట్టు పెట్టిన ఏడాది

మీలో చాలామందికి మంచు అంటే కిటికీలోంచి ఫోటో తీసుకునే వస్తువు. పొద్దున్నే లేచి చూసేసరికి ఎవడో వచ్చి ఊడ్చేసి వెళ్ళిపోయి ఉంటాడు. ఆ ఎవడో నేనే. ఇప్పుడు కాదు లెండి. మీరింకా పుట్టని రోజుల్లో, ఎనభయ్యో దశకం అప్పుడే కళ్ళు నులుముకుంటున్న కాలంలో, న్యూజెర్సీలో ఎడిసన్‌కి కాస్త అవతల ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో. ఇప్పుడు నా మోకాళ్ళు రెండూ రిటైరైపోయాయి. నేను మాత్రం ఇంకా నడివయసులోనే ఉన్నానని వాటితో వాదిస్తున్నాను.

పార్టీల్లో మీరు ఉద్యోగ కష్టాలు చెప్పుకుంటుంటే వింటూ ఉంటాను. సర్వర్ డౌన్ అయిందట. మేనేజర్ మెయిల్‌లో ఎవరినో కాపీ పెట్టాడట. నాయనా, అమ్మా, కాసేపిలా కూర్చోండి. నా ఉద్యోగమూ, నేనుండే ఇల్లూ, పొత్తిళ్ళలో ఉన్న నా కొడుకు ఉయ్యాలా కలిసి ఒక ఇనప మూత మీద ఆధారపడ్డ ఉదయం గురించి చెబుతాను. మూత కూడా ఎంతనుకున్నారు? ఇడ్లీ అంత. అదీ హోటల్ ఇడ్లీ.

నేను మెకానికల్ ఇంజనీర్ని. థర్మోడైనమిక్స్‌లో నాకొచ్చిన మార్కులు చూసి మా ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, కూడికలో పొరపాటు చేశాడేమోనని. అంతటి వాణ్ణి నేను అమెరికాలో దిగిన ఏడాదికే ఫ్యాక్టరీలు వరసగా గేట్లు మూసుకున్నాయి. నన్ను చూసే మూసుకున్నాయని మా ఆవిడ సిద్ధాంతం. చివరికి ఈ కాంప్లెక్స్‌లో అసిస్టెంట్ సూపర్ ఉద్యోగం దొరికింది. సూపర్ అంటే సూపరింటెండెంట్‌కి అక్కడి ముద్దుపేరు. కుళాయి కారినా, హీటర్ ఆగినా, బాత్‌టబ్బులో జుట్టు అడ్డుపడినా అందరూ ఆయన్ని పిలుస్తారు. ఆయన నన్ను పిలుస్తాడు. జీతంతో పాటు బేస్‌మెంట్‌లో ఒక పోర్షన్ ఉచితం. ఉద్యోగం ఊడితే పోర్షన్ కూడా ఊడుతుందన్నది ఎవరూ చెప్పక్కర్లేని షరతు.

ఇంటికి మాత్రం 'అసిస్టెంట్ సూపరింటెండెంట్' అని ఒక్క అక్షరం తగ్గకుండా తెలియజేశాను. దాంతో కాకినాడలో మా అత్తగారి వీధిలో నేను కలెక్టర్ గారి పక్క కుర్చీలో కూర్చుంటున్నట్టు ప్రచారం జరిగింది. మూడో ఇంటివాళ్ళకి చేరేసరికి ఆ పక్క కుర్చీలో కలెక్టరే కూర్చున్నాడట.

మా సూపర్ పోలండ్ వంశస్థుడు. ఆయన కనుబొమల కింద ఇద్దరు వర్షానికి తలదాచుకోవచ్చు. ఎడమ చేతిలో రెండు వేళ్ళు సగం నుంచి లేవు. మొదటిరోజు అడిగితే యుద్ధంలో పోయాయన్నాడు. మరో వారం ఎలుగుబంటి కొరికిందన్నాడు. ఇంకోసారి మొదటి భార్య తల్లి అన్నాడు. కథ మారేది గానీ వేళ్ళ లెక్క మారేది కాదు.

ఆ ఏడాది మా ఓనర్‌కి ఒక ఊహ పుట్టింది. అంతకు ముందు మంచు పడితే ఆయన బావమరిది లారీ ముందు పెద్ద ఇనప పలక కట్టుకొచ్చి నెట్టేసి పోయేవాడు. ఆ నెట్టడంలో ఏటా కొన్ని పూలకుండీలూ, ఒక మెయిల్‌బాక్సూ, ఒకసారి ఒకరి ఫోక్స్‌వ్యాగనూ కూడా నెట్టబడ్డాయి. విసిగిపోయిన ఓనర్ ఎక్కడో పాతది, పెట్రోల్‌తో నడిచే స్నో బ్లోవర్ ఒకటి కొనుక్కొచ్చి మా ముందు దింపాడు.

దాన్ని యంత్రం అనడం అన్యాయం. అది జంతువు. ముందు దూలం పట్టేంత నోరు. నోట్లో గిరగిరా తిరిగే ఇనప పళ్ళ మర. ఆ మర మంచును మింగితే, వెనకున్న రెక్కల చక్రం దాన్ని పైనున్న గొట్టంలోంచి ఆకాశంలోకి ఉమ్ముతుంది. చోక్ వేసి తాడు లాగితే మొదట దగ్గేది, తరువాత తుమ్మేది, ఆపైన గర్జించేది. ఆ గర్జనకి పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో ఆవులు పాలివ్వడం మానేసేవని నా అనుమానం. ఇప్పటివాటిలా చెయ్యి తీస్తే తనంతట తను ఆగే మర్యాద దానికి లేదు.

"నా మీద ఇంట్లో ఎంత ఒత్తిడి ఉందో నీకు తెలియదు," అన్నాడు ఓనర్ నాతో. "బావమరిదిని మాన్పించానని వాడి అక్క నాతో వారం నుంచి మాట్లాడటం లేదు. ఈ చలికాలం మొదటి పెద్ద మంచుకి, నేను డైనర్‌లో టిఫిన్ తిని వచ్చేసరికి పార్కింగ్ లాట్ మొత్తం ఖాళీగా కనపడాలి. కనపడితే ఇది నీది. లేకపోతే లారీ మళ్ళీ వస్తుంది. లారీ వస్తే ఇక్కడ ఇద్దరు మనుషులెందుకు? సూపర్ ఒక్కడు చాలు."

ఇద్దరిలో రెండోవాణ్ణి నేనని వేరే చెప్పలేదు. మర్యాదస్థుడు.

సూపర్ నాకు ఆ జంతువు శాస్త్రం నేర్పాడు. షెడ్డు లోపల స్టార్ట్ చెయ్యకు, బయటికి లాక్కొచ్చాకే తాడు పట్టు. తలుపు తీసి ఉంచినా సరే, దాని పొగ చెప్పాపెట్టకుండా చంపుతుంది. పోయినేటి పెట్రోల్ పొయ్యకు, అది పులిసిపోయి ఉంటుంది. వేడిగా ఉన్న ఇంజన్లో పెట్రోల్ అసలే పొయ్యకు. అన్నిటికన్నా పెద్దది: గొట్టంలో మంచు అడ్డుపడితే ఇంజన్ ఆపి చీపురు కర్రతో తియ్యి, చెయ్యి పెట్టకు. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆయన కనుబొమలు రెండూ ఒకటయ్యేవి. ఒక చీపురు కర్రని తీగతో యంత్రం పిడికి కట్టేశాడు కూడా.

"ఇవి భార్యాభర్తలు," అన్నాడు. "విడదీశావో, చూస్తావు."

మా అబ్బాయి పుట్టాడని ఆ సెప్టెంబర్‌లో కాకినాడ నుంచి మా అత్తగారు వచ్చారు. సూపరింటెండెంట్ గారి బంగళా నేలకింద ఉండటం చూసి ఆవిడ మెట్ల మీదే కాసేపు కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తే మనుషుల బూట్లు తప్ప మొహాలు కనపడవు. మా కిటికీలు నేల మట్టానికి ఉండేవి. మూడోరోజు "పోనీలే, చలికాలం వెచ్చగా ఉంటుంది" అన్నారు. అన్నది మా ఆవిడతో. అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. అల్లుడితో ముఖాముఖి మాట్లాడటం వాళ్ళింట ఏడు తరాలుగా లేదట. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా సరే, "అమ్మాయ్, అల్లుడుగారికి చారు పొయ్యమంటారేమో అడుగు" అనేవారు. మా ఆవిడ నావైపు తిరిగి "చారు పొయ్యమంటారా?" అనేది. నేను "పొయ్యమను" అనేవాణ్ణి. చారు వచ్చేసరికి అన్నం చల్లారేది.

దసరా వచ్చింది.

"అమ్మాయ్, అల్లుడుగారి ఆయుధం ఏదో కనుక్కోవే. పూజ చెయ్యొద్దూ?" అన్నారు అత్తగారు.

"ఏవండీ, మీ ఆయుధం ఏదంటోందమ్మ," అంది మా ఆవిడ. "ప్లంజరని చెప్పనా? బాత్రూముల్లో మీరు తిప్పే ఆయుధం అదేగా!"

ఆ అవమానం భరించలేక షెడ్డు తలుపు తీసి స్నో బ్లోవర్‌ని చూపించాను. అత్తగారు దాని నోటినీ, పళ్ళనీ, గొట్టాన్నీ తేరిపార చూశారు. ఆవిడ మొహంలో మొదటిసారిగా నామీద గౌరవం కనపడింది.

ఆ పూజ వర్ణించడానికి నాకున్న తెలుగు చాలదు. కాకినాడ నుంచి తెచ్చుకున్న పసుపూ గంధమూ కలిపి ముద్దచేసి ఆవిడ ఆ యంత్రాన్ని పెళ్ళికూతుర్ని చేశారు. మరకి తోరం కట్టారు. పిడికి బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చివరగా, బొట్టు ఎక్కడ పెట్టాలని అటూ ఇటూ తిరిగి, అన్నిటికన్నా పైనున్నదే తలకాయ అని తీర్మానించి, పెట్రోల్ ట్యాంకు మూత మీద రూపాయి బిళ్ళంత దళసరిగా పసుపు అద్ది, నడిమధ్యన కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టిన చప్పుడుకి సూపర్ పరిగెత్తుకొచ్చాడు.

"ఆ పసుపుపచ్చది ఏమిటి?" అన్నాడు, ప్రసాదం నములుతూ.

అప్పటికప్పుడు మన సంస్కృతినంతా ఇంగ్లీషులోకి దింపే ఓపిక నాకు లేకపోయింది. "మా దేశంలో వాడే రస్టు మందు," అన్నాను.

"ఎర్రది?"

"అది... లోపలికి దిగడానికి."

గౌరవంగా తలూపాడు.

మర్నాడు నేను ఇంజనీర్ని కాబట్టి జాగ్రత్తపడ్డాను. మరలో చుట్టుకుంటుందని తోరం తెంపాను. దండ తీశాను. బెల్టు మీదా ప్లగ్గు మీదా ఉన్న పసుపంతా గుడ్డతో తుడిచాను. మూత దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పండగపూట పెట్టిన బొట్టు తుడిచెయ్యడమా? మన ఇళ్ళల్లో ఏ మగాడు చేస్తాడండీ ఆ పని? బొట్టు తుడవడమంటే మనకి ఏమిటో మీకు తెలియకపోతే మీ అమ్మల్ని అడగండి. నాలుగేళ్ళు చదివిన ఇంజనీరింగ్ అంతా ఆ బొట్టు దగ్గర దణ్ణం పెట్టి వెనక్కి వచ్చేసింది.

డిసెంబర్‌లో రెండు మూడుసార్లు పిల్ల మంచులు పడ్డాయి. గుమ్మాల ముందు కాసేపు నడిపి లోపల పెట్టేవాణ్ణి. జంతువు బుద్ధిగానే ఉంది.

జనవరిలో పెద్దది పడింది. ఎంత పడిందంటే, పొద్దున్న లేచి కిటికీ తెర తీస్తే బూట్లు కూడా కనపడలేదు. లాట్‌లో కార్లుండాల్సిన చోట తెల్లటి దిబ్బలు, వరసగా పడుకున్న ఐరావతాల్లా ఉన్నాయి. వెలుగు రాకముందే సూపరూ నేనూ యంత్రాన్ని బయటికి లాగాం. పెట్రోల్ నిండా పోశాం. తాడు లాగాను. దగ్గింది, తుమ్మింది, గర్జించింది. మంచు ఇంద్రధనుస్సులా లేచి అవతలి గడ్డిలో పడుతుంటే నాకు నేనే భగీరథుడిలా కనపడ్డాను.

మొదటి వరస పూర్తవుతుండగా అది రెండుసార్లు వెక్కి, ఆగిపోయింది.

ఎవరైనా మొదట ఏం చూస్తారు? పెట్రోల్ ఉందా అని. మూత తీసి చూశాను. ఉంది. మూత పెట్టి తాడు లాగాను. నడిచింది! కాస్త దూరం వెళ్ళి మళ్ళీ వెక్కి, ఆగింది.

ఈలోగా అలికిడికి మన వాళ్ళు ఇద్దరు కోట్లు తొడుక్కుని దిగారు. పై పోర్షన్‌లో ఉండే వరంగల్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ ఒకడు. పక్క బిల్డింగ్ గుంటూరు కెమికల్ ఇంజనీర్ ఒకడు. ఇద్దరి కార్లూ దిబ్బల కిందే ఉన్నాయి, ఇద్దరికీ ఆఫీసుంది.

"అన్నా, గిది ప్లగ్గు ప్రాబ్లమే," అన్నాడు వరంగల్. "నిప్పురవ్వ పడ్తలేదు. జరుగు, నేను జూస్త. పెట్రోల్ ఉన్నదా?"

"ఉంది."

"నేను జూస్త అంటున్న గదా!" మూత తీసి చూశాడు, పెట్టాడు. ప్లగ్గు ఊడదీసి, తన స్వెటర్‌కి తుడిచి, బిగించి తాడు లాగాడు. యంత్రం గర్జించింది. వాడు మమ్మల్ని చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. "ఎలక్ట్రికల్ అంటే ఏమనుకున్నరు!"

మరికాస్త దూరం వెళ్ళి ఆగింది.

"ప్లగ్గేందయ్యా, నీ మొహం! పెట్రోల్లో నీళ్ళు కలిసినయ్," అన్నాడు గుంటూరు. "వాసన చూస్తే తెలవదా ఏంది?" నోట్లో సిగరెట్టుతోనే మూత తిప్పబోయాడు. సూపర్ వాడి నోట్లోంచి ఆ సిగరెట్టు పెరికి మంచులో గుచ్చిన వేగం చూస్తే ఆయనకి వేళ్ళు ఎనిమిదేనని ఎవరూ నమ్మరు. ఇంజన్ చల్లారాక గుంటూరు మూత తీసి, ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, సంగీత కచేరీలో కూర్చున్నట్టు వాసన చూశాడు. పెట్టాడు. ట్యాంకుని మర్దనా చేస్తున్నట్టు ఊపాడు. "ఇప్పుడు లాగు." లాగాను. నడిచింది. "చూశావా? నీళ్ళు అడుక్కి దిగినయ్!"

ఆగింది.

ఈసారి సూపర్ మా ఇద్దరు శాస్త్రవేత్తల్నీ మోచేత్తో పక్కకి నెట్టి, కార్బురేటర్ స్క్రూ తిప్పాడు. తిప్పే ముందు ఆయన కూడా అలవాటుగా మూత తీసి పెట్రోల్ చూశాడనుకోండి. నడిచింది. ఆయన కనుబొమలు విజయపతాకాల్లా లేచాయి. ఆగింది. దిగాయి.

చిత్రమేమిటంటే ఎవడి వైద్యం వాడు చేస్తే ఆ వైద్యం పనిచేసింది. వరంగల్ ప్లగ్గు అని తేల్చాడు, నిరూపించాడు. గుంటూరు నీళ్ళని తేల్చాడు, నిరూపించాడు. సూపర్ స్క్రూ అని నిరూపించాడు. తలా ఒక సిద్ధాంతం, తలా ఒక ఫలితం. ఎవరూ ఓడిపోలేదు, ఇంకా సగం లాట్ మంచులోనే ఉంది.

చివరిసారి ఆగినప్పుడు అది నోటినిండా తడిమంచు పెట్టుకుని ఆగింది. గొట్టం కూడా బిగుసుకుపోయింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆగిన ఇంజనే కదా అని గ్లవ్ బిగించుకుని గొట్టంలో చెయ్యి పెట్టబోయాను.

మణికట్టు మీద చీపురు కర్ర దెబ్బ పడింది. నక్షత్రాలు కనపడ్డాయి. పొద్దున్నే కాబట్టి ఆకాశంలో కూడా ఇంకా ఒకటి రెండు ఉన్నాయి.

"ఆగిపోయింది కదా!" అని అరిచాను.

"ఆగినట్టు నటిస్తుంది," అన్నాడు సూపర్. "లోపల బెల్టు ఇంకా లాగిపట్టుకునే ఉంటుంది. నువ్వు ముద్ద తియ్యగానే ఒక్క విసురు విసురుతుంది. ఒక్కటే. చూడు."

కర్ర దూర్చి ముద్దని పొడిచాడు. ముద్ద కదిలింది. లోపలి చక్రం టక్కున సగం చుట్టు తిరిగి కర్ర కొసని కొరికేసింది. చెరుకుగడ కొరికినంత సునాయాసంగా.

ఆయన తన ఎడమచేతి గ్లవ్ తీసి, చెయ్యి నా మొహం ముందు పెట్టాడు.

"మరి ఎలుగుబంటి?" అన్నాను.

"ఎలుగుబంటి లేదు," అన్నాడు. గ్లవ్ తొడుక్కున్నాడు. ఆ తరువాత ఆ వేళ్ళ గురించి ఆయన మళ్ళీ కథలు చెప్పలేదు.

అదే సమయంలో గేటు దగ్గర ఓనర్ కారు వచ్చి ఆగింది. లోపలికి దారి లేదు. దాని వెనకే బావమరిది లారీ, ఇనప పలకతో సహా. ఇద్దరూ దిగి, చేతుల్లో కాఫీ కప్పులతో నిలబడ్డారు. బావమరిది లారీ ఇంజన్ ఆపలేదు. అది గురగురలాడుతుంటే నా పోర్షన్ వాసన పసిగట్టినట్టే ఉంది.

నేను యంత్రం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను. సరిగ్గా మా కిటికీ ముందే. సూపర్ పారతో మంచు తోడి ఉంచాడు కాబట్టి లోపల మా వంటిల్లు కనపడుతోంది. అబ్బాయి ఉయ్యాల్లో కాళ్ళు తన్నుకుంటున్నాడు. ఈ చలిలో ఆ ఉయ్యాల ఎక్కడ పెట్టాలి? ఎవరింట్లో? అత్తగారికి కాకినాడ టికెట్టు మార్చి ఇవాళ పొమ్మనాలా, రేపు పొమ్మనాలా? నవ్వు రాలేదు. ఆ ఉదయం నాకు నవ్వు రాని క్షణం అదొక్కటే.

మా ఆవిడ మా అందరికీ కాఫీ పెడుతోంది. పాల డబ్బా మూత మీద స్క్రూడ్రైవర్‌తో ఒక చిల్లు కొట్టి గిన్నె మీద వంచింది. పాలు చుక్క చుక్కగా కారి ఆగిపోయాయి.

"రెండో చిల్లు పెట్టవే," అంది అత్తగారి గొంతు లోపల్నుంచి. "గాలి ఆడొద్దూ? గాలి లోపలికెళ్తేనేగా పాలు బయటికొచ్చేది."

నేను ఆ మాట విన్నాను. విని, యంత్రం వైపు చూశాను. మూత తిప్పాను.

సుయ్యిమంది.

మొదటినుంచీ సుయ్యిమంటూనే ఉంది. తీసిన ప్రతిసారీ సుయ్యిమంది. ఎవడి సిద్ధాంతంలో వాడు ఉన్నాం, వినలేదు. ట్యాంకులోంచి పెట్రోల్ దిగాలంటే పైనుంచి గాలి వెళ్ళాలి. అందుకని ఆ మూత నడినెత్తిన సూదిమొనంత బెజ్జం ఒకటి ఉంటుంది. గాలి లేక పెట్రోల్ ఆగిపోవడం, మేం మూత తియ్యడం, గాలి దూరడం, మళ్ళీ కాసేపు నడవడం. ప్లగ్గూ కాదు, నీళ్ళూ కాదు, స్క్రూ కూడా కాదు. పెట్రోల్ ఉందా అని చూడటమే మా అందరి వైద్యం!

మూత చేతిలోకి తీసుకుని చూశాను. నడినెత్తిన బెజ్జం ఉండాల్సిన చోట, దసరానాటి పసుపు, సిమెంటులా గట్టిపడి, మధ్యలో కుంకుమతో, నిండు ముత్తైదువలా నన్ను చూస్తోంది.

కిటికీ అద్దం మీద కొట్టాను. మా ఆవిడ అద్దం పైకెత్తింది.

"అత్తయ్యగారూ, ఒక పిన్నీసు!"

"అమ్మాయ్, అల్లుడుగారికి గుండీ ఊడిందేమో అడుగు."

"గుండీ ఊడిందా?" అంది మా ఆవిడ.

"ఉద్యోగం ఊడుతోంది! పిన్నీసు!"

అత్తగారి గాజులకి ఎప్పుడూ ఒక పిన్నీసుల దండ వేలాడుతుండేది. తెలుగిల్లాలి గాజులకున్న పిన్నీసులతో ఒక చిన్న వంతెన నిలబెట్టవచ్చు. ఆవిడ ఒకటి పీకి, కిటికీలోంచి చెయ్యి చాపారు. నేను దాన్ని విప్పి, మూత ఎత్తి పట్టుకుని, మొన సరిగ్గా కుంకుమ మధ్యన పెట్టాను. అప్పుడు ఆవిడకి మూత కనపడింది. ఏడు తరాల ఆచారం ఒక్క అరుపుతో కూలిపోయింది.

"అల్లుడుగారూ! బొట్టు చెరపకండి!"

నాతో ఆవిడ అన్న మొట్టమొదటి మాట అదే.

"చెరపను అత్తయ్యగారూ," అన్నాను. "ముక్కు కుట్టిస్తున్నాను. దీనికి ఊపిరాడటం లేదు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "మంచిరోజు చూడకుండానా?" అన్నారు. అని, "సరే, కానివ్వండి," అన్నారు.

పిన్నీసు గుచ్చి తిప్పాను. ఆవగింజంత పసుపు రాలింది. బొట్టు బొట్టులాగే ఉంది. మధ్యలో మాత్రం వెలుగు కనపడింది. మూత బిగించి, చోక్ వేసి, తాడు లాగాను.

ఆ తరువాత అది ఆగలేదు. ఐరావతాల మధ్య దారులు తీసింది, కార్ల ముందు మైదానాలు తీసింది. వరంగల్ పారతో తన కారు తవ్వుకుంటూనే "నేను ప్లగ్గు తుడిసిన గదా అన్నా, గది ఇప్పుడు పని జేస్తున్నది," అన్నాడు. "నీళ్ళు పూర్తిగా దిగినయ్ మరి," అన్నాడు గుంటూరు. సూపర్ ఆ స్క్రూ వైపు ఒకసారి ప్రేమగా చూశాడు. చివరి వరస గేటు దాకా తీసుకెళ్ళి, బావమరిది బూట్ల ముందు ఆపాను. గొట్టం కొద్దిగా అటు తిరిగి ఉండటం వల్ల ఆయన కాఫీలో మంచు పడింది. అది కేవలం గాలి మహిమ.

ఓనర్ లాట్ మొత్తం చూశాడు. బావమరిది వైపు చూశాడు. లారీ గురగుర ఆగింది.

"మధ్యలో ఎందుకు ఆగిపోయింది?" అన్నాడు నాతో.

నేను కిటికీ వైపు చూశాను. అత్తగారు కొంగు తలమీదికి లాక్కుని చూస్తున్నారు. పసుపు అని చెబితే యంత్రం మీద పూజలు చేసే అసిస్టెంట్ సూపర్ మరి ఆ ఊళ్ళో ఉండడు.

"మూతకున్న బెజ్జం పూడిపోయింది. పిన్నీసుతో తీశాను," అన్నాను. అంతా నిజమే.

ఓనర్ వంగి మూత చూశాడు. "ఈ పసుపుపచ్చదేమిటి?"

నా గుండె ఆగింది. దానికి మూత కూడా లేదు తియ్యడానికి. సూపర్ ముందుకొచ్చాడు.

"రస్టు మందు," అన్నాడు, ఆ శాస్త్రం తానే కనిపెట్టినంత ధీమాగా. "వాళ్ళ దేశానిది. ఎర్రది లోపలికి దిగడానికి. అక్టోబర్ నుంచీ చూస్తున్నాను, మూత మీద ఒక్క మచ్చ లేదు."

ఓనర్ గడ్డం నిమిరాడు. "అయితే నా మిగతా కాంప్లెక్సుల్లో మిషన్లకి కూడా పూయించు. ఈ బెజ్జం తియ్యడం కూడా చెయ్యండి, ఏటా, చలికాలం ముందు," అన్నాడు. "ఇతను ఉంటాడు."

ఇంట్లోకి వెళ్ళగానే అత్తగారు కాఫీ గ్లాసు నాకే నేరుగా అందించారు. "చూశారా," అన్నారు, "పూజ చేశాం కాబట్టే నిలబడింది." నేను కాఫీ తాగాను. పాలు బాగా పడ్డాయి.

ఆ ఏటి నుంచీ ప్రతి శరత్కాలంలో ఓనర్ పెట్రోల్ ఖర్చుతో నేను ఊరూరా తిరిగి స్నో బ్లోవర్లకి పసుపు పెట్టాను, కుంకుమ పెట్టాను, పిన్నీసుతో ముక్కులు కుట్టాను. అమెరికాలో అల్లుడుగారు తెల్లవాళ్ళ చేత ఆయుధపూజలు చేయిస్తున్నారని కాకినాడలో చెప్పుకున్నారు. ఈసారి వాళ్ళు చెప్పుకున్నదాంట్లో అతిశయోక్తి లేదు.

నేను ఆ పని మానేసి చాలా ఏళ్ళయింది. మొన్న తొలి మంచు పడ్డాక అటువైపు వెళ్తూ, ఊరికే చూద్దామని పాత కాంప్లెక్స్‌లో కారు ఆపాను. సూపర్ లేడు, ఓనర్ లేడు, ఆ జంతువు కూడా లేదు. షెడ్డు ముందు కొత్త స్నో బ్లోవర్ ఒకటి ఉంది. దాని పక్కన దున్నపోతంత గడ్డపాయన ఒకడు నిలబడి, డబ్బాలోంచి పసుపు రంగు పెయింటు తీసి ట్యాంకు మూత మీద గుండ్రంగా అద్దుతున్నాడు. ఆరాక మధ్యలో ఎర్రచుక్క పెట్టాడు. తరువాత కోటు కాలర్‌కి గుచ్చుకున్న పిన్నీసు తీసి, నాలుక కొస బయటపెట్టి, ఆ ఎర్రచుక్క మధ్యన జాగ్రత్తగా పొడిచాడు.

"ఎందుకది?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"బెజ్జం పూడిపోతే ఇంజన్ ఆగిపోతుంది. ఏటా తియ్యాలి. మేకుతో కుదరదు, పిన్నీసే కావాలి."

"పెయింటు వెయ్యకపోతే బెజ్జం పూడదు కదా?"

"వెయ్యకపోతే రస్టు పట్టదూ?"

మూత మీద వేలితో తట్టి చూశాను. "ఇది ప్లాస్టిక్ కదయ్యా. ప్లాస్టిక్‌కి రస్టు పట్టదు."

ఆయన నావైపు చాలా జాలిగా చూశాడు. పాపం, ఈ పెద్దమనిషికి యంత్రాల సంగతి బొత్తిగా తెలియదన్నట్టు.

"పట్టలేదు కదా?" అన్నాడు. "ఎందుకు పట్టలేదనుకుంటున్నావు?"

ఆయన కాలర్‌కి పిన్నీసు గుచ్చుకుని, అడుగు వెనక్కి వేసి, ఆ మూత వైపు ఒకసారి తృప్తిగా చూసుకున్నాడు. నేను తెలియకుండానే బూట్లు విప్పడానికి వంగి, కింద మంచు చూసి ఆగిపోయాను.